ఎవరి కొలత

శుక్రవారం పొద్దున, ఆరిన బట్టలు మడతపెట్టి బీరువాలో సర్దుతుంటే, కింది అరలో ఉన్న ఊలు కవరు జిప్పు చివరిదాకా వేసి ఉండటం ఉమారాణి కంటపడింది. దుప్పటి కొన్నప్పుడు దానితోపాటు వచ్చిన ప్లాస్టిక్ కవరు అది. చివర నాలుగు వేళ్ల మేర జిప్పు పళ్లు సరిగా పట్టవు, లాగితే ఇరుక్కుంటుంది. అందుకని ఆమె ఎప్పుడూ అక్కడిదాకా తెచ్చి వదిలేస్తుంది. ఇప్పుడెవరో ఆ నాలుగు వేళ్ల మేర కూడా బలవంతంగా లాగి మూశారు. మామూలుగా తెరిచినవాళ్లయితే అంత శ్రద్ధగా మూయరు. తెరిచిన సంగతి తెలియకూడదనుకున్నవాళ్లే అట్లా మూస్తారు.

భర్త బనీను చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. వంటింట్లో కుక్కర్ రెండో కూత వేసింది. ఎనిమిదికల్లా నాచారంలో బస్సెక్కితేనే ఎనిమిదిన్నరకు ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, తాను పనిచేసే డయాగ్నొస్టిక్ సెంటర్లో రిపోర్టుల కౌంటర్ తెరవగలదు. అయినా నేలమీద కూర్చుని కవరు విప్పింది. పోయినవేమీ లేవు. కానీ ఆకుపచ్చ ముక్కను ఆమె చాపలా చుట్టి పెట్టింది. ఇప్పుడది నాలుగు మడతల మీద ఉంది, దుకాణంలో కొత్త షర్టు మడిచినట్టు.

మూడేళ్లుగా పెరుగుతూ వస్తున్న కుప్ప అది. అడుగున భర్త శివశంకర్ కోసం మొదలుపెట్టిన చేతుల్లేని స్వెట్టర్, చంకల దాకా వచ్చి ఆగిపోయింది. అది అల్లుతున్న రోజుల్లోనే మామ గండయ్య బాత్రూంలో జారిపడ్డాడు. ఎనిమిది నెలలు మంచం పట్టాడు. డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చాక రెండుసార్లు ఆయన ఒళ్లు తుడిచి బట్టలు మార్చింది ఉమారాణే. ఆయన పోయాక కవరు విప్పితే ఊలుకు దవాఖానా వాసన పట్టి ఉంది. మళ్లీ ముట్టబుద్ధి కాలేదు. దాని మీద అత్త లింగమ్మ శాలువా. జానెడు అల్లగానే ఆమె భుజం మీద వేసుకుని చూసి, “కుచ్చుకుంటుంది బిడ్డా, ఇది గొంగడి కన్నా అన్యాలం” అన్నది. కూతురు కావ్య కోసం అల్లిన టోపీ సగంలో ఉండగా, “మమ్మీ, ఆన్‌లైన్ల మస్తు దొరుకుతయ్ కదా, ఎందుకింత కష్టం” అన్నది ఆ పిల్ల. ఆడబిడ్డ మనవడికి మొదలుపెట్టిన మేజోళ్లలో ఒకటి పూర్తయింది, రెండోది మడమ తిరిగేలోపే వాడు నడక నేర్చాడు. ఇంకా ఒక మఫ్లరు, ఒక దిండు గలీబు, ఏమి చేద్దామనుకుందో ఇప్పుడు తనకే గుర్తులేని పసుపుపచ్చ చదరం ఒకటి. సూదులన్నీ వాటిల్లోనే ఇరుక్కుని ఉంటాయి. కొత్తది మొదలుపెట్టాలంటే కొత్త సూదులు కొనాల్సిందే.

ఇంటికి ఎవరొచ్చినా శివశంకర్ ఆ కవరు సంగతి ఎత్తకుండా ఉండడు. “మా ఇంట్ల అన్నీ షురూ అయితయ్, ఒక్కటీ ఒడువది” అంటాడు. చుట్టాలు నవ్వుతారు. ఉమారాణి కూడా నవ్వి, వాళ్లు తాగిన చాయ్ కప్పులు తీసుకుని లోపలికి పోతుంది. ఆ కప్పులు కడిగి బోర్లిస్తున్నప్పుడు అనిపిస్తుంది ఆమెకు: పొద్దుటినుంచి ఈ ఇంట్లో తాను ఎన్ని ముగించింది? బియ్యం కడగడం ముగిసింది, ముగ్గురి డబ్బాలు కట్టడం ముగిసింది, అత్త మోకాళ్లకు నూనె రాయడం, బట్టలు, గిన్నెలు, స్టవ్వు తుడవడం, పాలు తోడేయడం అన్నీ ముగిశాయి. కానీ ముగిసిన పనికి రూపం ఉండదు. కడిగిన గిన్నెను చూసి ఇది కడిగి ఉందే అని ఎవరూ అనరు. కడగనిదైతేనే కంటపడుతుంది. ఇరవై రెండేళ్లుగా తాను చేసిన పనిలో ఈ ఇంటివాళ్లకు కనబడింది ఆ కవరు ఒక్కటే. ఎందుకంటే అది ముగియలేదు.

కుక్కర్ మూడో కూత వేసింది. ఆకుపచ్చ ముక్కను మళ్లీ చాపలా చుట్టి, సూది మొనకు రబ్బరు ముక్క గుచ్చి, కవరులో పెట్టి, నాలుగు వేళ్ల మేర వదిలి జిప్పు వేసింది. ఎవరై ఉంటారు అనుకుంటూనే పోపు వేసింది.

ఆ ఆకుపచ్చ ముక్కకు ఒక కథ ఉంది. దాని గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు.

సెంటర్లో ఏసీ పద్దెనిమిది మీద ఉంటుంది. రిపోర్టుల కౌంటర్ సరిగ్గా ఆ గాలి కింద. ఎండాకాలంలో కూడా మధ్యాహ్నానికి ఉమారాణి వేళ్లు కొంకర్లు పోతాయి. చున్నీ రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంటుంది. ఒకసారి మేనేజర్ సాయి కుమార్‌ను అడిగింది, కొంచెం తగ్గించమని. “మిషన్లకు సల్లగుండాలె మేడం. మనం మనుషులం, అడ్జస్ట్ అయితం కదా” అన్నాడతను. కోటు వేసుకుని ఉన్నాడు ఆ మాట అన్నప్పుడు.

ప్రతి నెలా షుగర్ పరీక్షకు వచ్చే తారామణి ఆ మాట విన్నది. ఆమెకు డెబ్బై దాటాయి. భర్త మిలిటరీలో సుబేదారుగా చేసి సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పోయాక ఆమె ఒక్కతే ఉంటున్నది. అంబాలా, జమ్ము క్వార్టర్లలో ఇరవై చలికాలాలు గడిపిన మనిషి. పరగడుపు రక్తం ఇచ్చి, తిన్నాక మళ్లీ ఇచ్చేదాకా రెండు గంటలు కుర్చీలో కూర్చుని, చేతుల వైపు చూడకుండా అల్లుతూ ఉంటుంది. ఉమారాణి ఒకరోజు సిగ్గుపడుతూనే ఆ మేజోడు మడమ ఎట్లా తిప్పాలో అడిగింది. అడిగితే కుప్ప సంగతంతా బయటికొచ్చింది.

“ఇవన్నీ ఎవరికోసం బేటా?” అన్నది తారామణి అంతా విని.

ఉమారాణి చెప్పింది. ఆయనకు, అత్తమ్మకు, పిల్లకు, ఆడబిడ్డ మనవడికి.

“వాళ్లకు చలి పెడుతుందా?”

“లేదు ఆంటీ.”

“నీకు?”

ఉమారాణి చున్నీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. తారామణి సంచిలోంచి టేపు తీసి, కౌంటర్ ఇవతలికి రమ్మని, జనం చూస్తుండగానే వెనక్కి తిప్పి భుజం నుంచి భుజానికి కొలిచింది. “పదిహేడున్నర. పెద్ద భుజాలు. మా ఆయన చూసుంటే పటాలంలో చేర్చుకునేవాడు” అన్నది. ఎవరైనా తన భుజాలను చూసి మెచ్చుకోవడం నలభై నాలుగేళ్లలో అదే మొదటిసారి. చిన్నప్పటినుంచి వాటిని లోపలికి ముడుచుకునే నడిచింది. శివశంకర్ సన్నటి మనిషి. అతని పక్కన ఫొటోలో నిలబడాల్సి వచ్చినప్పుడల్లా అర అడుగు వెనక్కి జరిగేది.

అప్పటినుంచి శనివారాలు సెంటర్ రెండింటికి మూసేశాక ఆమె నేరుగా ఇంటికి రాలేదు. ఉప్పల్లో ఈసీఐఎల్ బస్సెక్కి, అక్కడినుంచి ఆటోలో సైనిక్‌పురి పోయేది. తారామణి వరండాలో గంటన్నర కూర్చుని ఆ ఆకుపచ్చ ముక్క అల్లి, ఐదింటికల్లా ఇల్లు చేరేది. ఇంట్లో మాత్రం స్టాక్ చెకింగ్ ఉందని చెప్పింది. ఎందుకు అబద్ధం చెప్పాలి అని తనను తానే అడుక్కుంది. నిజం చెబితే ఎవరూ వద్దనరు. “పో, ఎవలు వద్దన్నరు” అంటాడు శివశంకర్. కానీ ప్రతి శనివారం ఏదో ఒకటి వచ్చిపడుతుంది. ఈ వారం మా అక్క వస్తున్నది, ఈ వారం అమ్మను కీళ్ల డాక్టర్‌కు చూపించాలె, ఈ వారం గ్యాస్ వస్తది. డ్యూటీ అంటే మాత్రం ఎవరూ అడ్డం రారు. ఆడమనిషి టైం పరాయివాళ్లకు జీతానికి ఇచ్చినట్టయితేనే ఇంటివాళ్లు దాని జోలికి రారని ఆమెకు అనుభవం మీద తెలిసింది.

ఆ బస్సు నాచారం మీదుగానే పోతుంది. తన స్టాపు దగ్గర ఆగిన ప్రతిసారీ ఆమె చున్నీ తలమీదికి లాక్కుని కిటికీ అవతలివైపు తిరుగుతుంది. తప్పు చేస్తున్నదానిలాగా.

కవరు సంగతి తేల్చుకోవాలని శుక్రవారమే అనుకుంది. మొదట అత్త మీదే అనుమానం వచ్చింది. లింగమ్మ పగలంతా ఇంట్లోనే ఉంటుంది, చూపు తగ్గినా చెవులు, చేతులు చురుకు. సోమవారం డ్యూటీకి పోయేముందు జిప్పుకు అడ్డంగా సన్నటి ఎర్ర ఊలు పోగు ఒకటి పరిచి, బీరువా తలుపు మెల్లగా మూసింది. సాయంత్రం చూస్తే పోగు అట్లాగే ఉంది. మంగళవారం ఉంది. బుధవారం లింగమ్మ మల్కాజిగిరిలో కూతురింటికి పోయింది, కావ్య కాలేజీలో ఉంది. ఆ సాయంత్రం పోగు నేలమీద పడి ఉంది.

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఒక్కరే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ సీసాల కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేసే శివశంకర్‌కు ఆ వారం రెండో షిఫ్టు. మధ్యాహ్నం రెండింటిదాకా ఇంట్లోనే ఉన్నాడు.

ఇరవై రెండేళ్లలో తన బనీను ఏ అరలో ఉంటుందో తెలియని మనిషి. తువ్వాలు కావాలన్నా బాత్రూంలోంచి కేకేసే మనిషి. ఆయనకు ఆ కింది అరతో ఏం పని? కొత్త ఇన్వర్టర్ పెట్టాలి, బీరువా జరపాలి అని నెలనుంచి అంటున్నాడు. కుప్పనంతా పాత పేపర్లవాడికి వేసేద్దామని చూస్తున్నాడేమో. అడగకుండా వేసేయగల మనిషే. ఆమె కాలేజీ రోజుల నోటు పుస్తకాలు అట్లాగే పోయాయి. అప్పటినుంచి ఆమె అతన్ని ఓరకంట గమనిస్తూనే ఉంది. అతను కూడా తనను ఓరకంట గమనిస్తున్నాడని రెండు రోజులు గడిస్తేగానీ తెలియలేదు.

అన్నం వడ్డిస్తుంటే అడిగాడు: “మీ ల్యాబుల మొగోళ్లు ఎందరుంటరు?”

“ఎందుకు?”

“ఊకనే.”

“నలుగురు. రక్తం తీసే పిల్లలిద్దరు, డాక్టర్, మేనేజర్.”

“మేనేజర్ పెద్ద మనిషా?”

“ముప్పై ఐదేండ్లుంటయేమో. ఎందుకు?”

“ఊకనే అంటున్న కదా.” పప్పు కలుపుకున్నాడు.

తర్వాతి మంగళవారం పన్నెండింటికి అతను సెంటర్‌కు వచ్చాడు. పదకొండేళ్లుగా ఆమె అక్కడ చేస్తున్నది. జ్వరం వచ్చి కౌంటర్ మీద తలవాల్చిన రోజున కూడా, “ఆటోల వచ్చెయ్” అన్నాడే తప్ప రాలేదు. ఇప్పుడు వేడి మిర్చీల పొట్లం చేతిలో పట్టుకుని గాజు తలుపు తోసుకుని వచ్చాడు. “ఇటు పోతుంటి, ఇచ్చిపోదామని” అన్నాడు. ఆమె కళ్లలోకి చూడలేదు. హాలంతా చూశాడు. సాయి కుమార్ బయటికి రాగానే ఎన్నాళ్లనుంచో ఎరిగినవాడిలా పోయి పలకరించాడు. “మా ఉమ ఎట్ల జేస్తున్నది సార్?” అంటూ అతని వీపు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తియ్యలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే బొటనవేలు, చిటికెనవేలు బాగా చాపి ఒక భుజం దగ్గర ఆనించాడు. మళ్లీ ఎత్తి మెడ అవతల ఆనించాడు. సాయి కుమార్ ఇబ్బందిగా నవ్వుతూ పక్కకు జరిగాడు.

ఉమారాణి కొరికిన మిర్చీని పొట్లంలోనే పెట్టేసింది. ఏం చేస్తున్నాడు ఈ మనిషి? ఆ వేళ్లను చూస్తుంటే ఎక్కడో చూసినట్టు ఉంది గానీ తట్టలేదు. బట్టల దుకాణంలో గుడ్డను జానలతో కొలిచినట్టు ఉందని సాయంత్రం బస్సులో తట్టింది. మనిషి వీపును ఎవరైనా ఎందుకు కొలుస్తారు? తట్టినా అర్థం కాలేదు.

ఆ ఆదివారం వాళ్ల కులపోళ్ల ఇంట్లో ఫంక్షన్ అయితే బోడుప్పల్ పోయారు. అక్కడ కూడా చూసింది. భోజనాల బంతిలో కూర్చున్న మగవాళ్లను వెనకనుంచి ఒక్కొక్కరినీ చూస్తున్నాడు శివశంకర్. తన సొంత తమ్ముడు దుర్గేష్‌ను కూడా. ఆమె ఎవరితో మాట్లాడుతుందో చూసి, ఆ తర్వాత వాళ్ల భుజాలు చూస్తున్నాడు. అడుగుదామంటే భయం వేసింది. అడిగితే శనివారాల సంగతి బయటికొస్తుంది. అట్లా ఇద్దరూ ఒకే కంచంలో చేతులు పెట్టుకున్న దొంగల్లా వారం రోజులు మెలిగారు.

ఆగస్టు చివరి ఆదివారం మధ్యాహ్నం అన్నాలు అయ్యాయి. గిన్నెలు సింకులో వేసి చేతులు తుడుచుకుంటుంటే పడకగదిలోంచి పిలిచాడు. కేక వేయలేదు, మామూలుగా పిలిచాడు. అందుకే ఆమె చేతులు పూర్తిగా తుడుచుకోకుండానే పోయింది.

మంచం మీద ఆకుపచ్చ ముక్క పరిచి ఉంది. దాని మీద అతని షర్టు పరిచి ఉంది. షర్టుకు రెండు పక్కలా రెండేసి వేళ్ల మేర ఆకుపచ్చ కనబడుతున్నది. పక్కన మూడు బస్సు టికెట్లు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణానికి కండక్టర్ ఇచ్చే జీరో టికెట్లు, ఉప్పల్ నుంచి ఈసీఐఎల్. తేదీలు మూడూ శనివారాలే. ఆమె హ్యాండ్‌బ్యాగు అడుగున పడి ఉండాలి అవి.

“నాది కాదు” అన్నాడు శివశంకర్. “దుర్గేష్‌ది కాదు. మీ మేనేజర్‌ది కూడ కాదు, ఆనిదింకా చిన్నగున్నది. ఎవనిది?”

ఆమెకు ముందు మాట అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది. జిప్పు, నాలుగు మడతలు, మిర్చీలు, జానలు, బోడుప్పల్లో బంతి. నవ్వొచ్చింది. నవ్వు గొంతుదాకా వచ్చి, అక్కడినుంచి ఇంకేదో అయింది.

“నాది” అన్నది.

“అల్లింది నువ్వేనని ఎర్కనే. ఎవని కోసం?”

“నాకోసమే అల్లుకుంటున్న. ల్యాబుల ఏసీకి చలి పెడుతుంది. శనివారం సైనిక్‌పురిల ఒక ఆంటీ దగ్గరికి పోయి నేర్చుకుంటున్న.”

అతను ముక్కవైపు చూశాడు, ఆమె ముఖంవైపు చూశాడు. ముఖం ఒక్కటే చూశాడు. “అబద్ధం చెప్పినా జర నమ్మేటట్టు చెప్పు ఉమా. నీకు గింత పెద్దదా? ఇది మొగోని కొలత. మల్ల నువ్వెప్పుడు నీకోసం అల్లుకున్నవ్? ఆ కవరుల ఒక్కటన్న ఉన్నదా నీకోసం?”

ఇదొక్కటి తప్పితే ఆ చివరి మాట నిజం. అదే ఆమెకు తగిలింది. ఇరవై రెండేళ్లు పక్కన పడుకున్న మనిషి, ఊరిలో మగవాళ్ల వీపులన్నీ కొలుచుకుంటూ వచ్చాడు. కొలవాల్సిన వీపు రోజూ అతని ముందే అటు తిరిగి రొట్టెలు చేస్తున్నది. అది అతనికి కొలతగా తోచనే లేదు.

మాటల చప్పుడుకు కావ్య వచ్చింది. గుమ్మంలో లింగమ్మ కూడా నిలబడింది. కావ్య మంచంమీద పరిచినవి చూసి, రెండు నిమిషాల్లో విషయం గ్రహించింది. “డాడీ, ఏంది నువ్వు? మమ్మీదే అది. ఆగు, పెట్టి చూపిస్త. మమ్మీ, జర అటు తిరుగు” అని ముక్కను రెండు చివరలా పట్టుకుని తల్లి వీపుకు ఆనించబోయింది.

ఒక్క క్షణం చాలు. అటు తిరిగితే చాలు, అంచుకు అంచు సరిపోతుంది. అతని ముఖం విచ్చుకుంటుంది. “నీదేనా, ముందే చెప్పొద్దా” అని నవ్వుతాడు. చాయ్ పెట్టమంటాడు. సాయంత్రానికి చుట్టాలకు చెప్పుకునే ముచ్చట అయిపోతుంది. దానికోసం తాను తిరిగి నిలబడాలి, పోలీసోడి ముందు చేతులెత్తినట్టు. ఉమారాణి కూతురి చేతుల్లోంచి ముక్కను తీసేసుకుంది.

“వద్దు బిడ్డా.”

“ఎందుకు మమ్మీ, ఒక్క నిమిషం.”

“కొలత ఇయ్యను.” భర్తవైపు తిరిగింది. “ఇంక రెండు చేతులు, ముందుభాగం ఉన్నయ్. అయ్యేదాక ఆగు. ఎవలు తొడుక్కుంటరో సూద్దువు గని.”

ఆకుపచ్చ ముక్క, ఊలు ఉండ తీసుకుని ముందుగదిలోకి పోయి, టీవీకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. అది శివశంకర్ కుర్చీ. గిన్నెలు సింకులోనే ఉన్నాయి. ఆమె వరస మొదలుపెట్టింది.

అతను షర్టు తగిలించుకుని బయటికి పోయాడు. కావ్య గిన్నెల దగ్గరికి పోయింది. కాసేపటికి లింగమ్మ వచ్చి కోడలి పక్కన నేలమీద కూలబడి, అల్లిన మేరను చేత్తో తడిమింది.

“నాకు వాడు ముందుగాల కవరు ఇప్పిననాడే ఎర్కైంది నీదేనని” అన్నది మెల్లగా. “బీరువా జరుపుదామని సామాను తీస్తుంటే దొరికిందని నాకు తెచ్చి సూపెట్టిండు. పెండ్లిసూపులల్ల నేను ముందుగాల జూసిందే నీ భుజాలు. పని జేస్తదని జూసిన. నేను మంచిగ జూడలే, నా అక్కెరకు జూసిన. కాని జూసిన.”

“మరి చెప్పలేదేంది అత్తమ్మా ఆయనకు?”

లింగమ్మ మోకాళ్లు చాపుకుంది. “మనకు గీ నాచారం చెరువు కింద పొలమున్నప్పటి ముచ్చట. నాట్లకు పోతుంటి. రోజు రెండు సద్దిమూటలు కట్టుకుంటుంటి. ఒకటి మీ మామకు కనపడేటిది, ఒకటి గెట్టుమీద చెట్టుచాటుకు దాసేది. మీ మామ పట్టుకున్నడు. రెండోది ఎవనికని అడిగిండు. నేను చెప్పలే. మూన్నెల్లు నాతోని మాట్లాడలే, పొలంకాడ మొగోళ్లందర్ని సూసుకుంట తిరిగిండు.”

“ఎవరికోసం అత్తమ్మా?”

“నాకే. నేనే తింటుంటి. వీడు కడుపుల ఉన్నడు, ఆకలి ఆగకపోతుండె. ఆడది గంత తింటదా అని నవ్వుతరని దాసుకున్న.” ఊలు అంచు వదిలేసింది. “మీ మామ సచ్చేదాక చెప్పలే. నేను సిగ్గుకు చెప్పలే. నీది సిగ్గు కాదు, నాకు సమజైంది. వాడు అడిగినా నేను చెప్ప.”

ఉమారాణి సూదులు ఆపి ఆమెవైపు చూసింది. ఎనిమిది నెలలు మామ ఒళ్లు తుడిచిన చేతులకు ఈ మాట తెలియదు. లేచిపోయి పళ్లెంలో అన్నం, మిగిలిన పచ్చిపులుసు పెట్టుకొచ్చి అత్త ముందు పెట్టింది. “ఇప్పుడే కద తిన్న” అంటూనే లింగమ్మ పళ్లెం దగ్గరికి లాక్కుంది.

మర్నాటినుంచి ఇంట్లో ఒక వింత మొదలైంది. శివశంకర్ ఆమెతో సరిగా మాట్లాడలేదు గానీ, ఆమె సూదులు పట్టుకుని కూర్చుంటే మాత్రం పిలవడం మానేశాడు. తువ్వాలు తానే తీసుకునేవాడు. చాయ్ కావాలనిపిస్తే తానే పెట్టుకుని, ఒక్కోసారి ఇంకో కప్పు తెచ్చి ఆమె పక్కన పెట్టి పోయేవాడు. అక్క ఫోన్ చేసి శనివారం వస్తానంటే, “ఈ వారం వద్దులే అక్కా, దానికి పనున్నది” అన్నాడు. పొద్దున డ్యూటీకి పోతూ ఒకసారి, వచ్చాక ఒకసారి ఎంతవరకు వచ్చిందో చూసేవాడు. ముందుభాగం అయింది. ఒక చెయ్యి అయింది. ఆ చెయ్యి పొడుగును కళ్లతోనే కొలుచుకుని, ముఖం గంటు పెట్టుకుని పోయేవాడు. అది ముగియాలని ఈ ఇంట్లో మొదటిసారి ఒకరు కోరుకుంటున్నారు. ప్రేమతో మూడేళ్లు దొరకని టైము, అనుమానంతో ఐదు వారాలు దొరికింది. ఉమారాణికి అది తలుచుకుంటే నవ్వు రాలేదు. నిదానంగా అల్లితే ఈ నిమ్మళం ఇంకొన్నాళ్లు ఉంటుందని కూడా ఒకసారి అనిపించింది. కానీ అట్లా చేయలేదు. అతని అనుమానం నీడలో బతకడానికి కాదు ఆమె అది అల్లుకుంటున్నది. చలికి.

శనివారాలు ఆమె చెప్పే పోయింది. “సైనిక్‌పురి పోతున్న.” బస్సు నాచారం స్టాపులో ఆగినప్పుడు కిటికీ దగ్గరే కూర్చుంది. ఒకసారి రోడ్డవతల శివశంకర్ బండి ఆపుకుని బస్సువైపే చూస్తుండటం కనిపించింది. చెయ్యి ఊపలేదు. తల కూడా తిప్పుకోలేదు. తారామణికి జరిగిందంతా చెబితే ఆమె ఆకుపచ్చ ముక్కను ఒళ్లో పరుచుకుని వేళ్లతో తడిమింది. చివరికి, “మెడ పట్టీ గట్టిగా అల్లు బేటా, వదులైతే జారుతుంది” అన్నది.

అక్టోబర్ మొదటి వారంలో ఒక పొద్దున, చివరి పోగు లోపలికి దూర్చి కత్తిరించింది. ఎనిమిదికి పావు తక్కువ. చున్నీ తీసేసి ఆ ఆకుపచ్చ స్వెట్టర్ తొడుక్కుని హాల్లోకి వచ్చింది. భుజాలు అంచుకు అంచు కూర్చున్నాయి. లింగమ్మ తలెత్తి చూసి, కళ్లజోడు సర్దుకుంది. శివశంకర్ బూట్లు వేసుకుంటున్నాడు. ఒక బూటు చేతిలో పట్టుకుని ఆమె వీపువైపు, భుజాలవైపు చూస్తూ ఉండిపోయాడు. మనిషిని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు.

“నీదేనా” అన్నాడు చివరికి. నెల రోజుల బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. నవ్వాడు. “నీ యవ్వ, అప్పుడే జర పెట్టి సూపెడితే ఏమైతుండె? ఊకనే ఇన్ని రోజులు పరేషాన్ జేసినవ్.”

పరేషాన్ చేసింది తానట. అతను హుషారుగా రెండో బూటు వేసుకుని లేచి, వంటింటివైపు చూశాడు.

“సరే, ఇగ అయిపాయె కదా. నా డబ్బా కట్టినవా? రేపు అక్కను రమ్మంట, శనివారమే కదా, ఇంట్లనే ఉంటవ్.”

ఉమారాణి తలుపు దగ్గర చెప్పులు వేసుకుంది. సంచిలో ఊలు, కొత్త సూదులు ఉన్నాయో లేదో చూసుకుంది. స్వెట్టర్ చేతులు మణికట్టు దాకా లాక్కుని భుజాలు నిటారుగా పెట్టుకుని మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగింది.

“రేపు సైనిక్‌పురి పోతున్న. ఇంకోటి షురూ జేస్తున్న” అన్నది. “ఎవరి కొలతో అడగకు.”